ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామన్నారు

"ఓటింగు పెట్టారుగా బావా. మమ్మల్ని రాష్ట్రంగా కలుపుకోండన్నారు. మళ్లీ అదే రోజు స్వాతంత్య్రం కావాలనే పార్టీకి బోలెడు ఓట్లేశారు. అసలు వాళ్లకేం కావాలో వాళ్లకే తెలీదు."

2025 సంక్రాంతికి ఓ మిత్రుడింట్లో, అరిసె తుంచుకుంటూ అతను అన్న మాట ఇది. వాళ్లంటే ప్యూర్టో రికో వాళ్లు. కరేబియన్ సముద్రంలో ఓ దీవి అది. అమెరికా ఏలుబడిలో ఉంటుంది, జనం అమెరికా పౌరులే, కానీ రాష్ట్రం కాదు. మేం ఆ దీవికి వెళ్లొచ్చి అప్పటికి పది రోజులైంది. హెచ్1బి మీద అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి అదంటే ఎందుకంత ఇష్టమో ఈ బ్లాగు చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో దాటిపోయినా ఫరవాలేదు. స్టాంపింగు లేదు, అపాయింట్‌మెంటు లేదు, తిరిగి రానిస్తారో లేదో అన్న గుబులు లేదు. విమానం దిగితే సముద్రం, కొబ్బరిచెట్లు, మన మేనిఛాయ మనుషులు. లెక్కప్రకారం అమెరికా దాటలేదు. చూడబోతే వేరే దేశం.

ఆ రోజు అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి చదువుతూ కూర్చున్నాక తట్టింది, తప్పు అతని జవాబులో లేదు, ప్రశ్నలోనే ఉందని. వాళ్లకేం కావాలి అన్నది 1967 నుంచి ఇప్పటికి ఏడుసార్లు అడిగారు. మీకేం ఇవ్వగలం అన్నది మాత్రం అడగాల్సినవాళ్లు తమని తాము ఒక్కసారైనా గట్టిగా అడుక్కున్నట్టు కనపడదు. ఇదంతా చదువుతుంటే నాకు మన పెళ్లిచూపులే గుర్తొచ్చాయి. మగపెళ్లివారు వస్తారు, టిఫిన్లు కానిస్తారు, "అమ్మాయికి ఇష్టమేనా" అని ఒకటికి పదిసార్లు కనుక్కుంటారు. తమ సంగతి ఎత్తితే మాత్రం "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అని లేస్తారు.

వెలుగు వెళ్లిపోయింది

2024 డిసెంబరు 31 తెల్లవారుజామున మేమున్న అద్దె ఇంట్లో ఏసీ ఆగిపోయింది. మొదట ఆ ఇంటి ఫ్యూజే పోయిందనుకున్నాను. కిటికీ తీస్తే వీధంతా చీకటి. తర్వాత తెలిసింది, దీవి మొత్తమ్మీద 14 లక్షల పైచిలుకు కనెక్షన్లుంటే దాదాపు 13 లక్షలకి కరెంటు పోయిందట. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, "సె ఫ్వే లా లుస్" అంది. వెలుగు వెళ్లిపోయింది అని. ఇంటికొచ్చిన చుట్టం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినట్టు చెప్పింది. మొహంలో ఆశ్చర్యమన్నది లేదు. అమెరికాలో పుట్టి పెరిగిన మా వాడు మాత్రం "నాన్నా, ఇలా ఊరంతా పోతుందా?" అని గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. వేసవి మధ్యాహ్నాలు విసనకర్రతో గడిపిన నాకూ మా ఆవిడకీ నవ్వొచ్చింది. కాస్త ఇంటి మీద బెంగ కూడా.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఓనరమ్మ ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తీసి ఐసు డబ్బాలో సర్దుకుంటోంది. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను కొట్టినప్పుడు కొన్ని కొండ ఊళ్లకి మళ్లీ కరెంటు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. చనిపోయినవాళ్లు 64 మందేనని ప్రభుత్వం చాలా నెలలపాటు చెప్పుకొచ్చింది. మరుసటేడు ఆగస్టులో ఆ అంకెని 2,975కి మార్చింది. గాలికీ నీటికీ పోయినవాళ్లకంటే ఆ తర్వాత ఆక్సిజన్ యంత్రం ఆగి, డయాలసిస్ అందక, మందు చెడిపోయి పోయినవాళ్లే ఎక్కువ. ఐసు డబ్బా మూత బిగిస్తున్న ఆవిడ చేతులు చూశాక ఆ అంకె నాకు మరోలా కనపడింది.

"కరెంటు పోవడానికీ వలసపాలనకీ లంకె ఏంటి? అవినీతి, చేతగానితనం ఎక్కడ లేవు?" అని మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2019 వేసవిలో అక్కడి గవర్నరు, ఆయన అనుచరులు చేసుకున్న వెకిలి చాటింగు 889 పేజీలు బయటపడితే లక్షలమంది వీధుల్లోకొచ్చి ఆయనచేత రాజీనామా చేయించారు. ఆ గవర్నరుని వాషింగ్టన్ నియమించలేదు. వాళ్లు ఎన్నుకున్నవాడే. స్థానిక నాయకుల పాపాలు స్థానిక నాయకులవే. కానీ ఆ కరెంటు సంస్థతో సహా ప్రభుత్వ సంస్థలు 7 వేల కోట్ల డాలర్లకి పైగా అప్పు ఎలా చేయగలిగాయో చూడండి. 1917 నుంచి ఆ దీవి బాండ్ల మీద వడ్డీకి అమెరికాలో ఎక్కడా పన్ను లేదు. కాబట్టి కొనేవాళ్లు ఎగబడ్డారు. 1984లో అమెరికా కాంగ్రెస్, కారణమన్నది చెప్పకుండానే, ఆ దీవి నగరాలకీ సంస్థలకీ దివాలా రక్షణ అందకుండా చట్టం మార్చింది. అప్పు చేసే దారి హైవేలా వేసి, బయటపడే దారికి గోడ కట్టారన్నమాట. చివరికి 2016లో మరో చట్టం తెచ్చి ఏడుగురితో ఓ బోర్డు పెట్టారు. అందులో ఒక్కరినీ దీవి ప్రజలు ఎన్నుకోలేదు. బడ్జెట్ మీద ఆఖరి మాట మాత్రం ఆ బోర్డుదే. జనం దాన్ని "లా హుంతా" అంటారు. స్పానిష్‌లో బోర్డుకి వాడే మాటే అది, సైనిక పాలకుల ముఠాకీ అదే మాట.

రాజధాని సాన్ హువాన్ పాత ఊళ్లో ఓ తలుపు మీద వాళ్ల జెండా బొమ్మ ఉండేది. ఆ చట్టం వచ్చిన ఏడాదే కొందరు చిత్రకారులు రాత్రికి రాత్రి దాని రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చారు. టూరిస్టులు దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. 1948లో వచ్చిన ఓ చట్టం కింద కొన్నేళ్లపాటు ఆ జెండా ఇంట్లో ఉంచుకున్నా జైలే అన్న సంగతి ఫొటో తీసుకునేటప్పుడు నాకు తెలీదు.

కమలాపళ్ల కేసు

వచ్చేరోజు సాన్ హువాన్ విమానాశ్రయంలో టికెట్టు కౌంటరు దాకా వెళ్లకముందే పెట్టెలు ఓ యంత్రంలోకి తొయ్యమన్నారు. పండ్లున్నాయేమోనని వ్యవసాయ శాఖ తనిఖీ. మా ఆవిడ సంచిలోంచి రెండు పండ్లు తీసి పక్కన పెట్టేశారు. "దేశంలోపలి ప్రయాణమే కదా" అని ఆవిడ గొణిగింది. మాట దాచకూడదు కాబట్టి చెబుతున్నా, హవాయి నుంచి వచ్చినా ఇదే తనిఖీ ఉంటుంది, హవాయి పక్కా రాష్ట్రమే. పురుగుల భయం అది. అందులో రాజకీయం వెతకడం నా చాదస్తం.

కానీ పండ్లకీ ఈ దీవి తలరాతకీ నిజంగానే ఓ సంబంధం ఉంది. 1898 జులై 25న, అప్పటిదాకా స్పెయిన్ చేతిలో ఉన్న ఆ దీవిలో గ్వానికా దగ్గర అమెరికా సైన్యం దిగింది. రెండేళ్ల తర్వాత ఓ వర్తకుడు సాన్ హువాన్ నుంచి న్యూయార్క్‌కి కమలాపళ్లు తెప్పిస్తే 659 డాలర్ల 35 సెంట్లు సుంకం వేశారు. ప్యూర్టో రికో ఇప్పుడు అమెరికాయే కదా, స్వదేశీ సరుకు మీద సుంకమేంటని అతను కోర్టుకెక్కాడు. 1901లో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ఆ దీవి అమెరికా సొత్తే గానీ అమెరికాలో భాగం కాదు. దాన్ని వివరిస్తూ ఓ న్యాయమూర్తి, దేశీయ అర్థంలో అది అమెరికాకి విదేశం అని రాశాడు. వాక్యాన్ని నాలుగుసార్లు చదివినా తల తిరుగుతుంది. ప్రధాన తీర్పు రాసిన హెన్రీ బిల్లింగ్స్ బ్రౌనే, అంతకు ఐదేళ్ల ముందు నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ వేర్వేరు రైలుపెట్టెలు సబబేనన్న తీర్పు కూడా రాశాడు. రైలుపెట్టెల తీర్పుని 1954లో మట్టుపెట్టారు. కమలాపళ్ల తీర్పు ఇప్పటికీ బతికే ఉంది.

ఎంతగా బతికుందంటే, న్యూయార్క్‌లో ఉండగా వికలాంగుల భృతి అందుకుంటున్న ఒకాయన 2013లో ప్యూర్టో రికోకి మారాడు. ప్రభుత్వానికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసి, ఈలోగా ఇచ్చిన 28 వేల డాలర్ల పైచిలుకు తిరిగి కట్టమని దావా వేసింది. 2022లో సుప్రీంకోర్టు 8–1 తేడాతో, దీవిలో ఉన్నవాళ్లకి ఆ భృతి ఎగ్గొట్టడం తప్పు కాదంది. కాదన్న ఆ ఒక్కరు సోనియా సోటోమేయర్, ప్యూర్టో రికో తల్లిదండ్రుల బిడ్డ. చిత్రమేంటంటే, మెజారిటీలో ఉన్న నీల్ గోర్సచ్ కూడా ఆ 1901 నాటి తీర్పుల్ని కొట్టెయ్యాల్సిందేనని విడిగా రాశాడు. రాసి, ఓటు మాత్రం అటే వేశాడు.

ఇంకో సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అమెరికా రాకముందు, 1897లో, స్పెయిన్ రాచరికం ఆ దీవికి స్వయంపాలన పత్రం ఇచ్చింది. మాడ్రిడ్ పార్లమెంటులో ఓటున్న ప్రతినిధులు వాళ్లకుండేవాళ్లు. ఇప్పుడు వాషింగ్టన్‌లో ఒకే ఒక్క ప్రతినిధి. సభలో మాట్లాడొచ్చు, చట్టం మీద ఆఖరి ఓటింగులో చెయ్యెత్తకూడదు. రాజు కింద ఉన్న ఓటు రిపబ్లిక్ కింద పోయింది. ఆ మాటకొస్తే కొత్త యజమాని దీవి పేరు కూడా సరిగ్గా రాయలేదు. కాగితాల మీద "పోర్టో రికో" అని రాసుకుని, దిద్దుకోడానికి 1932 దాకా సమయం తీసుకున్నాడు.

డ్రైవరు వేసిన లెక్క

స్వాతంత్య్రం అన్న మాట వింటే భారతీయుడి గుండె అటే వాలుతుంది. నాదీ అంతే. వలస అంటే పోరాటం, జెండా, అర్ధరాత్రి ప్రసంగం. కథ అలాగే ముగియాలని మన చదువులు మనకి నేర్పాయి. హార్వర్డ్‌లో లా చదివి, జైళ్లలో ఏళ్ల తరబడి గడిపిన అక్కడి స్వాతంత్య్రవాద నాయకుడు పెద్రో అల్బిసు కాంపోస్ గురించి చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. 1937 మార్చి 21, మట్టల ఆదివారం నాడు పోన్సే పట్టణంలో ఆయన అనుచరుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. 19 మంది పోయారు. అది చదివిన ఏ తెలుగువాడికైనా, ఏ పాఠం గుర్తొస్తుందో నేను చెప్పాలా?

మరి 2024 నవంబరు ఓటింగులో స్వాతంత్య్రానికి పడింది 12 శాతం దరిదాపుల్లోనే. రాష్ట్ర హోదాకి 58 శాతం పైన. మిగతాది స్వేచ్ఛా అనుబంధం అనే మధ్యే మార్గానికి, అంటే వేరే దేశమైనా అమెరికాతో ఒప్పందం మీద ముడిపడి ఉండడానికి. వందేళ్ల అణచివేత జనం మనసుల్ని మార్చేసింది అని సరిపెట్టుకోవచ్చు. సాన్ హువాన్‌లో మమ్మల్ని ఎల్ మోరో కోటకి తీసుకెళ్లిన డ్రైవరు కనపడకపోయుంటే నేనూ అలాగే సరిపెట్టుకునేవాణ్ని.

యాభై దాటిన మనిషి. పదకొండేళ్లు ఓర్లాండోలో పనిచేసి, తల్లి మంచాన పడితే తిరిగొచ్చేశాడట. "అక్కడున్నప్పుడు అధ్యక్షుడికి ఓటేశాను. ఇక్కడికొచ్చాను, ఓటు పోయింది. మళ్లీ విమానమెక్కి అక్కడ దిగితే ఓటు వస్తుంది. మనిషిని నేనే." నేను సానుభూతి చూపించబోయి, "మాకూ ఓటు లేదులెండి, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నాం" అన్నాను. అద్దంలోంచి నావంక చూశాడు. "మీరు పౌరులైన రోజు మీకు ఓటొస్తుంది. నేను పుట్టినప్పుడే పౌరుణ్ని" అన్నాడు. వెనక సీట్లో మా వాడు ఫోను చూసుకుంటున్నాడు. వాడూ పుట్టుకతో పౌరుడే. కాకపోతే న్యూజెర్సీలో పుట్టాడు.

స్వాతంత్య్రం గురించి అడిగితే ఆయన ఆవేశమేం పడలేదు, లెక్క చెప్పాడు. తల్లికి సోషల్ సెక్యూరిటీ వస్తుంది. ఆవిడ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కట్టిన డబ్బే అది. మందులు మెడికేర్ మీద. ఇద్దరు కూతుళ్లు ఫ్లోరిడాలో, ఓ తమ్ముడు కనెటికట్‌లో. "రేపు స్వాతంత్య్రం అంటే నా కూతురింటికి వెళ్లడానికి మీలాగా వీసాకి నిలబడాలా? ఎవరైనా కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆలోచిస్తా."

కాగితం మీద రాసిస్తే. నేను చదివిన వ్యాసాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. దీవి జనాభా 2010లో 37 లక్షలు, 2020కల్లా 33 లక్షల లోపుకి పడిపోయింది. ప్రధాన భూభాగంలో ప్యూర్టో రికో మూలాలున్నవాళ్లు 50 లక్షలు దాటారు. సగానికిపైగా కుటుంబం అవతలి ఒడ్డున ఉన్నవాడికి స్వాతంత్య్రం ముందు ఓ సరిహద్దులా కనపడుతుంది, జెండా ఆ తర్వాత.

వాళ్లకి ఆ భయం పెట్టిన చరిత్ర కూడా ఉంది. 1936లో దీవి పోలీసు అధిపతిగా ఉన్న అమెరికన్‌ని ఇద్దరు జాతీయవాదులు చంపేశారు. పట్టుబడ్డ ఆ ఇద్దరినీ పోలీసులు స్టేషన్లోనే చంపారు. చనిపోయిన అధికారి స్నేహితుడు, సెనేటర్ మిలార్డ్ టైడింగ్స్, వెంటనే ప్యూర్టో రికోకి స్వాతంత్య్రం ఇచ్చేద్దామని బిల్లు పెట్టాడు. షరతులు చూస్తే అది వరమా శిక్షా అన్నది తెలిసిపోతుంది. నాలుగేళ్లలో పూర్తి సుంకాలు. చక్కెర అమ్ముకుని బతికే దీవికి అది ఉరితాడే. అప్పటిదాకా స్వాతంత్య్రవాదిగా ఉన్న లూయిస్ మున్యోస్ మరీన్ ఆ బిల్లుని వ్యతిరేకించాడు. తర్వాత ఆయనే ఎన్నికైన మొదటి గవర్నరయ్యాడు, దీవి సొంత రాజ్యాంగానికి 1952లో పెద్దదిక్కయ్యాడు. స్వాతంత్య్రం పక్కన పెట్టేశాడని ఆయన్ని ద్రోహి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ బిల్లు చదివాక నాకు అంత సులువుగా ఆ మాట రాదు.

అడగడం ఒక అలవాటు

1967లో అడిగితే యథాతథ స్థితికి 60 శాతం. 1993లో కూడా అదే, బొటాబొటిగా. 1998లో ఏకంగా "పైవేవీ కావు" అన్న గడి 50.3 శాతంతో గెలిచింది. మన పోటీ పరీక్షల ప్రశ్నపత్రం తప్ప ఇంకెక్కడా ఆ జవాబు గెలవగా నేను చూడలేదు. 2012లో అడిగితే, ఉన్న స్థితి వద్దని 54 శాతం అన్నారు. 2017లో 97 శాతం రాష్ట్ర హోదాకే, కాకపోతే ఓటేయడానికొచ్చింది 23 శాతమే, మిగతా పార్టీలు బహిష్కరించాయి. 2020లో 52 శాతం పైగా అవును. తర్వాత 2024.

మిత్రుడి మాట ఇక్కడ నిజంలాగే కనపడుతుంది. ఏడు జవాబుల్లో స్థిరమేది? నాకు కనపడే స్థిరం ఒకటే, ఆ ఏడింటిలో ఒక్కదానికీ అమెరికా కాంగ్రెస్ కట్టుబడలేదు. ఫలితం ఎలా ఉన్నా ఏమీ మారదని తెలిసినప్పుడు ఓటరు తన అసలు కోరిక చెప్పడు. ఒకడు కోపంతో వేస్తాడు, ఒకడు ఖాళీ కాగితం వేస్తాడు, ఒకడు ఇంట్లో పడుకుంటాడు. 2024లో గవర్నరుగా రాష్ట్రవాది గెలిచింది, స్వాతంత్య్రవాది 30 శాతం దాటి రెండో స్థానంలో నిలిచాడు. ఆయనకి పడ్డ ఓట్లన్నీ స్వాతంత్య్రానికి కాదు. కరెంటు కోతకీ, పాత రెండు పార్టీల మీది విసుగుకీ పడ్డవి చాలా ఉంటాయి.

నా వాదన ఇంతే: ముందు కాంగ్రెస్ రాసివ్వాలి. రాష్ట్రమైతే పన్నులెప్పటినుంచి, స్పానిష్ సంగతేంటి, సెనేట్‌లో రెండు సీట్లు ఖాయమేనా. స్వతంత్రమైతే ఇప్పుడున్న పౌరుల పౌరసత్వం, పెన్షన్లు, సుంకాల గడువు. ఏది గెలిచినా అమలు చేస్తామన్న సంతకం. ఆ తర్వాతే ఓటింగు. ఇదేం కొత్త ఊహ కాదు. 1959లో హవాయి ప్రవేశ చట్టం మీద మార్చిలో అధ్యక్షుడు సంతకం పెట్టాకే జూన్‌లో జనం ఓటేశారు. ఫిలిప్పీన్స్‌కి 1934లో ముందు చట్టం, పదేళ్ల గడువు, 1946 జులై 4న స్వాతంత్య్రం. దాని పేరులోనూ టైడింగ్సే ఉన్నాడు. అంటే పద్ధతిగా ఇవ్వడం ఆయనకి తెలియక కాదు.

ఇందులో నాకే రెండు సందేహాలున్నాయి. హవాయి ఓటింగులో స్వాతంత్య్రమన్న గడే లేదు. చట్టం ముందు రాసేవాడే గడులూ నిర్ణయిస్తాడు. షరతులు రాసే కలం వాళ్ల చేతికే ఇస్తే 1936 మళ్లీ రాదని ఏంటి నమ్మకం? గ్యారంటీ లేదు. కాకపోతే షరతులు కాగితం మీదుంటే, వాటితో పోట్లాడొచ్చు. లేని షరతులతో ఎవరు పోట్లాడతారు? 2022 డిసెంబరులో ప్రతినిధుల సభ 233–191తో సరిగ్గా ఇలాంటి బిల్లే ఆమోదించింది. రాష్ట్రం, స్వాతంత్య్రం, స్వేచ్ఛా అనుబంధం, ఏది గెలిస్తే అది అమలు. సెనేట్ దాన్ని చర్చకే తీసుకోలేదు. రెండో సందేహం నా గురించే. ఆ బీచిలో నాలుగు రోజులు పడుకుని వచ్చినవాడికి ఈ తీర్పులేల? ఏమో. ఓటులేనివాడి బాధ మీద ఓటులేనివాడు రాస్తే కనీసం సెనేట్ సీట్ల లెక్క చూసుకుని రాశాడని ఎవరూ అనరు.

ఇదంతా కాస్త కుదించి మిత్రుడికి వాట్సాప్‌లో పెట్టాను. "మన తెలంగాణ కూడా ఇలాగే కదా, ఢిల్లీవాళ్లు తేల్చిందే" అన్నాడు. ఢిల్లీవాళ్లే తేల్చారు, నిజమే. కానీ తేల్చిన సభలో ఇటు కావాలన్న ఎంపీలూ, అటు వద్దన్న ఎంపీలూ కూర్చునే ఉన్నారు, ఎంతగా అంటే కంట్లో పెప్పర్ స్ప్రే పడేంతగా. వాషింగ్టన్‌లో వీళ్లకి అరవడానికైనా ఓటున్న మనిషి లేడు.

బొటనవేలు గుర్తు పెట్టాడు. ఒప్పుకున్నట్టో, పొడుగు మెసేజీ చదవలేదన్నట్టో తెలీదు. గంట తర్వాత మరో మెసేజీ: "వచ్చే క్రిస్మస్‌కి వర్జిన్ ఐలాండ్స్ వెళ్దామా? దానికీ స్టాంపింగు అక్కర్లేదట."

చూశాను, నిజమే, అక్కర్లేదు. 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల బంగారానికి కొన్నారట. అమ్మాలా వద్దా అని డెన్మార్క్‌లో జనాన్ని ఓటింగు కూడా అడిగారు. దీవుల్లో ఉన్నవాళ్లకి అందులో ఓటు లేదు.